మా అత్త అన్నది తాలు

కథలు రాసేవారిని సభల్లో తప్పనిసరిగా అడిగే ప్రశ్న ఒకటుంది. మీకు ప్రేరణ ఎక్కడి నుంచి వస్తుంది? అడిగేవారు మంచి మనసుతోనే అడుగుతారు. నేను కూడా కొన్ని కథలు రాశాను కనుక నన్నూ అడుగుతారు. లేచి నిలబడి, జీవితం నుంచి అనో, మనుషుల నుంచి అనో మర్యాదగా చెప్పి కూర్చుంటాను. ఆ ప్రశ్న వినగానే నాకు ఒళ్ళు మండుతుందని ఇంతవరకు ఏ వేదిక మీదా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఇన్నేళ్ళయినా ఆ మంట చల్లారలేదు. చల్లార్చుకోవలసిన అవసరమూ నాకు కనిపించడం లేదు.

మాది వినుకొండకు వెళ్ళే దారిలో ఒక ఊరు. మిరప, పత్తి తప్ప మరొక పంట గురించి పెద్దగా మాట్లాడుకోని ఊరు. మా వంశంలో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని నేను. చదువు లేని ఇల్లు కాబట్టి మా ఇంట్లో అచ్చు కాగితానికి గొప్ప మర్యాద ఉండేది. బజ్జీల పొట్లం విప్పాక కూడా ఆ కాగితం మీద కాలు పడకుండా మా నాన్న మడిచి చూరులో దోపేవాడు. అందులో ఏముందో ఆయనకు తెలియదు. అక్షరాలున్నాయి, అంతే చాలు. నేను గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న రోజుల్లో, అంటే తొంభైల చివరలో, మా ఇంట్లో నా గౌరవం కూడా ఆ కాగితం గౌరవం లాంటిదే.

మా మేనత్తను, అంటే మా నాన్నకు అక్కను, మా ఊళ్ళోనే ఇచ్చారు. రెండు సందుల అవతల వాళ్ళ ఇల్లు. ఆమె గొంతు పెద్దది. పొలంలో అవతలి గట్టున ఉన్న మనిషితో మాట్లాడినట్టే పక్కన కూర్చున్న మనిషితోనూ మాట్లాడేది. నవ్వితే పక్క పన్ను ఒకటి లేదని తెలిసిపోయేది. మామయ్య ఆమెకు పూర్తిగా విరుద్ధం. నెమ్మది మనిషి. గోలీసోడా తప్ప మరేమీ ముట్టనివాడు.

ఇక్కడ ఒక మాటకు అర్థం చెప్పాలి. కోసిన మిరపకాయలను కల్లంలో ఆరబోసినప్పుడు కొన్ని కాయలు రంగు విరిగి తెల్లబడిపోతాయి. మంచు తగిలో, వాన తగిలో, తెగులు వల్లనో. వాటిని తాలు అంటాం. ఆడవాళ్ళు వరుసగా కూర్చుని ఎర్రకాయలోంచి తాలును ఏరి పక్కన పోస్తారు. కొందరు రైతులు ఏరకుండా కలిపి ఉంచుతారు, తూకం బాగుంటుందని. కొందరు ఒక్క తాలుకాయ కూడా ఉండనివ్వరు. మా అత్త రెండో రకం. తాలున్న కల్లం చూస్తే ఆమెకు అన్నం సహించేది కాదు.

ఆ ఏడు సెలవులకు వచ్చి నేనూ అత్త పక్కన కూర్చుని తాలు ఏరాను. మిరపకాయల ఘాటు ఒంటికి తగలకుండా అందరం పాత చొక్కాలు తొడుక్కుని, మెడకూ ముఖానికీ తువ్వాళ్ళు చుట్టుకుని కళ్ళు మాత్రం కనిపించేట్టు ఉండేవాళ్ళం. అత్త వేసుకున్నది ఎవరో చుట్టాలు ఇచ్చిన బస్సు కండక్టరు ఖాకీ చొక్కా. గొంతు దాకా బొత్తాలు పెట్టుకునేది.

ఒక మధ్యాహ్నం జీపులో ఒక రచయిత వచ్చాడు. పెద్ద పేరున్నవాడు. మా ఊరి హైస్కూలు తెలుగు మాస్టారు ఆయన్ను తీసుకొచ్చారు. రైతు జీవితం చూడాలని ఆ రచయిత కోరాడట. మాస్టారు ఆయన్ను మా అత్త కల్లం దగ్గర దింపి, సోడాలు తెస్తానని కొట్టు వైపు వెళ్ళారు. రచయిత గోనెపట్టా మీద కూర్చుని కాసేపు దగ్గాడు. తర్వాత చాలా ఆప్యాయంగా అడిగాడు.

"ఈ ఏడు ఎలా ఉందమ్మా?"

"ఎట్టా ఉండేదేందయ్యా! నెలబట్టీ కళ్ళముందు పెట్టుకోని ఒకటే నస. ఇయ్యాల పొద్దున్నే తాల్దీసి అవతల పారేశా. పీడ పోయింది."

మా వైపు గబగబా మాట్లాడేటప్పుడు మాట చివరి అక్షరాన్ని సగం మింగేస్తాం. తాలు తీసి అన్నది తాల్దీసి అవుతుంది. ఆ సంగతి మాకు ఎప్పుడూ పట్టింపు కాలేదు, మాకు అర్థమవుతూనే ఉంటుంది కనుక.

రచయిత ముందుకు వంగాడు. "ఏం చేశావమ్మా?"

"చెవుడా ఏంది నీకు? తాల్దీసి పారేశానంటున్నా!"

"మరి మీ ఆయన ఏమీ అనలేదా?"

"అనకుండా ఉంటాడా! ఉండనియ్యవే, ఉంటే బరువేగదా అన్నాడు. నేనూరుకోలా. రంగు బోయింది, ఘాటు బోయింది, పేరుకి ఉంటం తప్ప దాంతో నాకు ఒరిగేదేందీ అన్నా. ఇన్నాళ్ళు ఓర్చుకుంది చాలని తీసి పారేశా. ఇప్పుడు చూడు, నాకెంత హాయిగా ఉందో!"

అత్త మూతి మీది తువ్వాలు కాస్త దించి నవ్వింది. కల్లంలో ఉన్న ఆడవాళ్ళందరం నవ్వాం. మామయ్య పిసినారితనం మీద నవ్వు అది. తాలును కలిపి ఉంచితే తూకానికి బరువు వస్తుందని ఆయన ఆశ. రచయిత నవ్వలేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అయ్యో, ఆయనకి ఘాటెక్కిందే, ఎవరన్నా నీళ్ళియ్యండి" అని అత్త కేకేసింది. నేనే చెంబు అందించాను. ఆయన నీళ్ళు తాగి, అత్తకు రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టి లేచాడు. అత్త సిగ్గుపడిపోయింది. "నీళ్ళిచ్చినందుకే దణ్ణం పెట్టాడే, ఎంత మంచోడో" అంది జీపు వెళ్ళిపోయాక.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం హాస్టల్లో పత్రిక తీశాను. అనుబంధంలో ఆయన కథ ఉంది. మొదటి పేరా చదవగానే నా గుండె ఎగిరిపడింది, సంతోషంతో. అది మా కల్లం. పక్కన నీళ్ళ ట్యాంకు, గోనెపట్టా, ఖాకీ చొక్కా వేసుకున్న ఆడమనిషి, పక్క పన్ను లేని నవ్వు, దూరం నుంచి పిలిచినట్టు పలికే గొంతు. అన్నీ ఉన్నట్టే రాశాడు. మావాళ్ళు అచ్చులో పడ్డారని పక్క మంచం అమ్మాయిని లేపి మరీ చూపించాను. ఆ తర్వాత ఆ వాక్యం దగ్గరకు వచ్చాను.

తాళి తీసి అవతల పారేశాను, పీడ పోయింది, అంటుంది కథలో ఆమె. మొగుడు పీపాలు తాగి వచ్చి కొట్టేవాడు. "బరువైనా మొయ్యి" అనేవాడట. రంగు, ఘాటు పోయిన కాపురం, పేరుకు మాత్రమే ఉన్న సూత్రం. ఆమె దాన్ని తెంచి మిరపకాయల రాశిలోకి విసురుతుంది. ఎరుపులో పసుపు మెరుస్తుంది. అక్కడ కథ అయిపోతుంది. ఆ కథకు ఆ సంవత్సరం బహుమతి కూడా వచ్చింది.

నేను ఆ వాక్యాన్ని బయటకు చదువుకున్నాను. తాళి తీసి. తాల్దీసి. అప్పుడు అర్థమైంది. పక్క మంచం అమ్మాయి "కథ చాలా బాగుందే" అంటోంది. నేను పత్రిక మడిచి దిండు కింద పెట్టేశాను. నవ్వు రావలసిన సందర్భమే అనుకోవచ్చు. ఊళ్ళో కూడా మొదట నవ్వే వచ్చింది.

మాస్టారు గర్వంగా ఆ పత్రికను టీ కొట్టుకు తీసుకెళ్ళి అందరికీ చదివి వినిపించారట. ఆ చివరి వాక్యం దగ్గర ఆయనే ఆగిపోయారట కానీ, అప్పటికే ఆలస్యమైంది. కథలో పేరు వేరు. ఆ పేరును ఎవరూ లక్ష్యపెట్టలేదు. ఖాకీ చొక్కా అనగానే టీ కొట్టంతా మామయ్య వైపు తిరిగింది.

"ఏం బావా, పీపాలు పీపాలు తాగుతున్నావంటగా! మాకు తెలవకుండా యాడ తాగుతున్నావ్? మమ్మల్ని గూడా తీస్కపోరాదూ!"

"సోడాలో ఏం కలుపుతున్నానో మీరే నాకి చూడండిరా" అన్నాడట మామయ్య.

"అది సరేగానీ, మొన్న మీ మిరపకాయలు మార్కెట్టుకి ఎత్తేటప్పుడు గోతాల్లో తొక్కి టిక్కీలు కుట్టేముందు కాస్త జల్లెడ పట్టకపోయావా బావా. మా అక్క తాళి గుంటూరు పోయింది!"

వారం రోజులు మామయ్య కూడా నవ్వాడు. ఆ తర్వాత టీ కొట్టుకు వెళ్ళడం మానేశాడు. సోడా తాగాలనిపిస్తే పక్క ఊరి అడ్డరోడ్డు దాకా నడిచి వెళ్ళేవాడని అత్త చెప్పింది.

ఇంతలో ఊళ్ళో ఒక పెళ్ళి కుదిరింది. మా వైపు పెళ్ళి పనులు పసుపు దంచడంతో మొదలవుతాయి. రోలుకూ రోకలికీ పసుపు రాసి తోరాలు కట్టి, ముత్తయిదువలు పసుపు కొమ్ములు దంచుతారు. మొదటి పోటు ఎవరు వేయాలన్నది చిన్న విషయం కాదు. భర్త చల్లగా ఉన్నదై ఉండాలి, చేతి వాసి మంచిదై ఉండాలి. మా ఊళ్ళో ఏ పెళ్ళికైనా మొదటి పోటు మా అత్తది. ఆమె దంచిన పెళ్ళిళ్ళన్నీ నిలిచాయని పేరు. ఆ పేరు తప్ప ఆమెకు వేరే ఆస్తి లేదంటే అతిశయోక్తి కాదు.

కుంకుమ భరిణె పట్టుకుని ఆ పెళ్ళివారి ఆడవాళ్ళు ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలుస్తున్నారు. అత్త చేతులు కడుక్కుని గుమ్మంలో నిలబడింది. వాళ్ళు పక్కింట్లో బొట్టు పెట్టారు. అత్త ఇంటి ముందు నుంచి నడిచి ఎదురింట్లోకి వెళ్ళారు. నేను అప్పుడు సెలవుకు వచ్చి ఆమె గుమ్మంలోనే ఉన్నాను. అత్త ఆ పెళ్ళి ఇంటి పెద్దావిడను వీధిలోనే నిలేసింది.

"ఏం వదినా, మా ఇల్లు కనపడలా?"

ఆమె తల దించుకుంది. "నేన్నమ్ముతానా అమ్మా అట్టాంటి మాట? నీ సంగతి నాకు తెలవదా? కాకపోతే కాగితంలో పడిందంటున్నారు. రేపు పిల్ల కాపురంలో ఏదన్నా ఒకటయితే, ఆవిడ చేత దంచిస్తిరి గదా అని నా నోట్లో గడ్డి పెడతారు."

ఆ పెద్దావిడకు చదువు రాదు. ఆ కథను ఆమె చూడలేదు, చూసినా చదవలేదు. చదువు రానివారే అచ్చును ఎక్కువగా నమ్ముతారు. మా నాన్న బజ్జీల కాగితాన్ని చూరులో దోపినట్టు, ఆ అబద్ధాన్ని మా ఊరు ఎక్కడో పైన, కాలు పడనిచోట దాచింది.

ఆ సాయంత్రం అత్త నన్ను నిలదీసింది. "నువ్వు చదువుకున్నావు గదే. ఎవురో మాట మోస్తే నేను జుట్టు పట్టుకోని అడిగేదాన్ని. ఇది అచ్చయిపోయే. అచ్చులో పడ్డది అచ్చులోనే దియ్యాల. ఆయన్ని కనుక్కో. తాళి గాదు తాలు అని రాయమను. ఒక్క అక్షరమేగా, ఎంతసేపు పట్టిద్ది? మాఘంలో మీ అక్క పెళ్ళి. దానికన్నా నేను రోకలి పట్టుకోవాల."

మా అక్క సంబంధం మా ఊళ్ళోనే, పడమటి బజారులో. ఒకే ఊరి సంబంధమైతే పసుపు దంచేటప్పుడు మగపెళ్ళివారి ముత్తయిదువలు కూడా వచ్చి చేయి వేస్తారు. వాళ్ళు అప్పటికే మా నాన్నకు కబురు పెట్టారు. మొదటి పోటు వేరే ఎవరిచేతనైనా వేయిస్తే బాగుంటుందని. మా నాన్న ఆ కబురును అత్తకు చెప్పలేకపోయాడు. చెప్పకపోయినా ఆమెకు తెలిసింది.

నేను పత్రికకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. ఆ తర్వాత గుంటూరులో ఒక కళాశాల సభకు ఆ రచయిత వస్తున్నాడని గోడ మీద కాగితం చూశాను. ఆ రోజు ఆయన ప్రసంగం ఏ విషయం మీదనో చెబితే కల్పించానంటారు. కథకు ప్రేరణ.

హాలు నిండిపోయింది. ఆయన బాగా మాట్లాడాడు. అది ఒప్పుకోవాలి. మంచి గొంతు, మంచి నిదానం. కాకపోతే ళకారం ఆయన నోట పలకదు. నీల్లు, కల్లు, ఊల్లు అంటాడు. ముందు వరుసలో కూర్చుని నేను ఆ ఒక్క సంగతినే వింటున్నాను.

"కథల కోసం ఎక్కడా వెతకక్కర్లేదు" అన్నాడు. "పల్లెకు వెల్లండి. ఊరికే కూర్చోండి. ఆ మనుషులు మాట్లాడతారు. ఒక్క మాట చాలు. నేనొకసారి మిరపకల్లంలో కూర్చున్నాను. ఒక తల్లి, చదువులేని తల్లి, నవ్వుతూ అంది. తాలి తీసి అవతల పారేశాను, పీడ పోయింది అని. నా కల్లల్లో నీల్లు తిరిగాయి. మనం పుస్తకాలు చదివి, ఉపన్యాసాలిచ్చి సాధించలేనిది ఆ తల్లి ఒక ఉదయం చేసేసింది."

చప్పట్లు మోగాయి. నేను లేచాను. తయారు చేసుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"సార్, ఆ మాట తాళి కాదండి. తాలు. రంగుపోయిన మిరపకాయ. ఆమె మా మేనత్త. ఆ రోజు మీకు మంచినీళ్ళిచ్చింది నేనే. ఆమె మెడలో తాళి ఉంది, మా మామయ్య తాగడు."

వెనక వరుసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు ముందుకు పాకింది. హాలంతా నవ్వింది. నేను ఆయన ముఖం వైపు చూస్తున్నాను. ఒక్క క్షణం అక్కడ భయం లాంటిది కనిపించింది. ఆ క్షణంలో ఆయన నిజంగా విన్నాడని ఇప్పటికీ నమ్ముతాను. కానీ హాలు నవ్వుతోంది కదా. ఆయనా నవ్వాడు.

"అద్భుతం!" అన్నాడు మైకులో. "చూశారా, పొరపాటున విన్న మాటలోంచి కూడా కథ పుడుతుంది. ప్రేరణకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నేను వెతికినా దొరకదు. ఈ అమ్మాయికి చప్పట్లు కొట్టండి."

కొట్టారు. మా అత్త గుమ్మం ముందు నుంచి దాటిపోయిన కుంకుమ భరిణెకు కొట్టినట్టు కొట్టారు.

సభ అయ్యాక వరండాలో బిస్కెట్లు, టీ ఇస్తున్నారు. ఆయన దగ్గరకు వెళ్ళాను. బొట్టు పెట్టి పిలవకపోవడం, మామయ్య అడ్డరోడ్డు దాకా నడవడం, అక్క పెళ్ళి, అన్నీ వరుసగా చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు.

"ఆమె పేరు ఎక్కడా రాయలేదు కదమ్మా" అన్నాడు.

"పేరొక్కటే మార్చారు సార్. మిగిలినవన్నీ ఉంచారు. చొక్కా ఉంచారు, పన్ను ఉంచారు, కల్లం ఉంచారు. మార్చకూడని మాట ఒక్కటుంటే దాన్ని మార్చారు."

"కావాలని మార్చానా? నాకు అలా వినిపించింది."

"ఇప్పుడు తెలిసింది కదండి. పుస్తకంగా వేస్తున్నారట. అందులో సరిచేయండి. పత్రికలో ఒక వాక్యం రాయండి."

"తాలు అని మారిస్తే ఆ కథలో ఇంకేం మిగులుతుంది, నువ్వే చెప్పు?"

"మిరపకాయలు మిగులుతాయి సార్. మా అత్త మిగులుతుంది."

ఆయన నా వైపు కొత్తగా చూశాడు. "నీకు మాట మీద పట్టుంది. కథలు రాస్తావా?" అన్నాడు. "రాయి. ఇదే రాయి. నువ్వు రాయకపోతే నేనే రాస్తాను. చాలా మంచి కథ అవుతుంది. మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు. ఎంత గొప్ప పని చేసిందో ఆ తల్లికే తెలియదు."

"ఆమె చేయలేదండి."

"కథలో చేసింది కదమ్మా."

ఎవరో వచ్చి ఆయన్ను కారు దగ్గరకు తీసుకెళ్ళారు.

బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ ఒక్కటే ఆలోచన. కల్లంలో ఆయన అడగవలసిన ప్రశ్న ఇంకొక్కటే ఉంది. ఏది తీసి పారేశావమ్మా? అంతే. అత్త పిడికెడు తెల్లకాయలు తీసి ఆయన ఒళ్ళో పోసేది. పక్కన కూర్చున్న మా అందరికీ ఆ మాట తెలుసు. ఆయన ఎందుకు అడగలేదు? వినిపించలేదని కాదు. ఆయనకు కావలసింది వినిపించింది కనుక అడగలేదు. మొగుడు తాగుబోతు అని అత్త అనలేదు, కొడతాడని అనలేదు. ఆ మొగుడు ఆయనతోపాటే జీపులో వచ్చాడు. మా ఊరికి రాకముందే ఆ కథ ఆయన దగ్గర ఉంది. ఎవరి ముఖం అతికించాలో తెలియక వచ్చాడు, మా అత్త దొరికింది. దానికి ఆయన పెట్టుకున్న పేరు ప్రేరణ.

భర్తను వదిలి తాళి తీసిపారేసిన ఆడవాళ్ళు మా ప్రాంతంలో లేరని నేను అనను. ఉన్నారు. వాళ్ళ దగ్గరకు ఆయన వెళ్ళవలసింది. వాళ్ళు ఏం అనుభవించారో కనుక్కోవడానికి ఒక్క మధ్యాహ్నం చాలదు. అందుకే వెళ్ళలేదు.

ఇంటికి వచ్చి జరిగింది అత్తకు చెప్పాను.

"ఏమన్నాడే?"

"మారిస్తే కథ ఉండదన్నాడు."

"ఉండకపోతే ఏమైద్దంట? వానలు పడవా?" అంది. కాసేపు నా ముఖం చూసింది. "నీకు రాదా అచ్చేయటం?"

నాకు అచ్చు అంటే పత్రిక, పుస్తకం. అవి నా చేతిలో లేవు. అప్పుడు గుర్తొచ్చింది, శుభలేఖ కూడా అచ్చే. మా నాన్న ఒప్పుకున్నాడు. వినుకొండలో ప్రెస్సుకు వెళ్ళి, ముహూర్తం కింద ఒక వాక్యం చేర్చమన్నాను. పెళ్ళికుమార్తె మేనత్త, సౌభాగ్యవతి అయిన ఫలానా వారి చేతుల మీదుగా పసుపు దంచబడును, అని.

ప్రెస్సాయన కళ్ళజోడు పైకి నెట్టాడు. "పసుపు దంచేవాళ్ళ పేరు శుభలేఖలో ఎవరేయిస్తారమ్మా? నేనీ పని మొదలెట్టినకాడ్నుంచీ చూళ్ళా."

"మేము వేయిస్తామండి. సౌభాగ్యవతి అన్న మాట కాస్త పెద్ద అక్షరాల్లో వేయండి."

శుభలేఖ ఊరంతా పంచాం. పడమటి బజారుకు ముందుగా పంపాం. చదవడం వచ్చినవాళ్ళు రానివాళ్ళకు చదివి వినిపించారు. మగపెళ్ళివారి నుంచి ఏ కబురూ రాలేదు. కబురు రాకపోవడమే ఒప్పుకోలు అనుకున్నాం.

పసుపు దంచే రోజు పొద్దున్నే అత్త తలంటుకుని, పట్టుచీర కట్టుకుని వచ్చింది. మామయ్య వాకిట్లో మగవాళ్ళతో కూర్చున్నాడు. రోలు కడిగి పసుపు రాశారు, రోకళ్ళకు తోరాలు కట్టారు. అత్త రోకలి మీద చేయి వేసింది. అప్పుడు పెళ్ళికొడుకు నాయనమ్మ గుమ్మంలో నిలబడి "కాస్త ఆగండమ్మా" అంది.

మా నాన్న ముందుకు వచ్చాడు. "ఏందమ్మా? శుభలేఖలో వేయించాం గదా. చూడలా?"

"చూశాం నాయనా. చదివించుకున్నాం. అచ్చులోనేగా ఇదీ పడింది, అచ్చులోనేగా అదీ పడింది. రెండిట్లో ఏది నమ్మేది? మాకు చదువా సంధ్యా? అచ్చేందుకు, మనిషి ఎదురుగానే ఉందిగా. ఓసారి బయటికి తియ్యమను. అందరం చూస్తాం. ఆ పీడ అంతటితో పోద్ది."

ఆ ముసలామె గొంతులో ద్వేషం లేదు. అది ఉంటే తేలికగా ఉండేది. ఆమె న్యాయంగానే మాట్లాడుతున్నానని అనుకుంది. మా నాన్న "అక్కా, వద్దులే" అన్నాడు. మా అక్క పీట మీద నుంచి లేవబోయింది.

అత్త "కూర్చోవే" అని కసిరింది. రోకలిని గోడకు ఆనించింది. వాకిట్లో మగవాళ్ళున్నారు, మామయ్య ఉన్నాడు, ఆమెకంటే చిన్నవాళ్ళున్నారు. ఆమె పైట సర్దుకుని, జాకెట్టు లోపల వేలు పెట్టి, పసుపుతాడును పైకి లాగింది. రెండు పుస్తెలనూ అరచేతిలో పెట్టుకుని చేయి చాచింది.

"రా ముసలమ్మా, దగ్గరికి రా. నీకు చత్వారం గదా, సరిగ్గా అగపడదు. ముట్టుకోని చూడు. ఇత్తడేమో కొరికి గూడా చూడు. ఇంకెవరికి చూపియ్యాల? ఆ గోడవతల నిలబడ్డోళ్ళు రారా? రండి, సిగ్గెందుకు, నాకు లేని సిగ్గు మీకెందుకు?"

ముసలామె నిజంగానే దగ్గరకు వచ్చింది. వంగి చూసింది. వేలితో తాకి, ఆ వేలిని కళ్ళకద్దుకుంది. "చల్లగా ఉండు తల్లీ" అని దీవించింది. వాకిట్లో మామయ్య లేచి, ఎవరి వైపూ చూడకుండా వీధిలోకి వెళ్ళిపోయాడు.

మొదటి పోటు అత్తే వేసింది. ఆ తర్వాత మిగిలినవాళ్ళు పాట అందుకున్నారు. అత్త పాడలేదు. పసుపు కొమ్ము పిండి అయ్యేదాకా ఒక్కతే దంచింది, ఎవరికీ రోకలి ఇవ్వలేదు. ఇంకో రోకలి పట్టుకున్న ఆడవాళ్ళు పక్కకు తప్పుకున్నారు.

భోజనాలకు విస్తళ్ళు వేశాక చూస్తే అత్త లేదు. నేను వాళ్ళింటికి పరుగెత్తాను. ఇద్దరూ వెనక వసారాలో ఉన్నారు. మామయ్య ఇటు తిరిగి కూర్చున్నాడు, ఆమె అటు తిరిగి కూర్చుంది. పుస్తెలు ఇంకా జాకెట్టు పైనే ఉన్నాయి.

"అన్నానికి రండి అత్తా. నాన్న పిలుస్తున్నాడు."

"నా మేనగోడలు గాబట్టి చూపించా" అంది. "చెప్పు మీ నాన్నకి. పసుపు దంచమన్నారు, దంచా. నన్నింకేం అడగొద్దని చెప్పు."

"రాత్రికైనా రా అత్తా."

"ఆయన్ని రమ్మను. కథలు రాసేటాయన్ని. ఆయనొచ్చి పిలిస్తే వస్తా."

ఆ తర్వాత ఆమె ఏ పెళ్ళిలోనూ రోకలి పట్టుకోలేదు. ఊరివాళ్ళు మళ్ళీ బొట్టు పెట్టి పిలవడం మొదలుపెట్టారు. ఎవరు భరిణెతో వచ్చినా బొట్టు పెట్టించుకుని, తాంబూలం తీసుకుని, తలుపు వేసుకునేది. ఆ రచయిత పుస్తకం వచ్చింది. అందులో తాళి తాళిగానే ఉంది. ముందుమాటలో, పల్లెల్లోని తల్లులకు ఋణపడి ఉంటానని రాశాడు.